సుత్తి కొన్నాక అద్దం చూశాం: ఒక కేస్ స్టడీ

ఉద్యోగుల్ని కార్లలో ఇళ్లకు చేర్చే ఒక కంపెనీ వాళ్లు నన్ను పిలిచే సరికే, ప్రమాదంలో చిక్కుకుంటే కారు అద్దం పగలగొట్టే సుత్తులు కొనేశారు. పదకొండు కార్లకు పదకొండు సుత్తులు, ప్యాకింగ్ కూడా విప్పకుండా ఆఫీసు మేనేజర్ బల్ల కింద అట్టపెట్టెలో ఉన్నాయి. "డ్రైవర్లకు ఒక పూట ట్రైనింగ్ ఇస్తే చాలు సార్" అన్నారు. నేను వాహన భద్రత మీద శిక్షణ ఇస్తుంటాను, అంతకు ముందు కొన్నేళ్లు రెస్క్యూ టీమ్‌లో పనిచేశాను. ఒక పూట అన్నది నాలుగు వారాలు పట్టింది. ఎందుకు పట్టిందో వివరంగా రాస్తున్నాను. కారులో ఒక ఎమర్జెన్సీ టూల్ పెట్టుకుందామని ఎవరైనా అడిగితే నేనిప్పుడు ఇచ్చే సమాధానం ఈ కేసు తర్వాత మారిపోయింది.

ముందు జరిగిన సంగతి. రాత్రి షిఫ్ట్ అయిపోయిన ఇద్దరు ఉద్యోగుల్ని ఇళ్ల దగ్గర దించడానికి కారు బయల్దేరింది. జోరు వాన. వంతెన కింద పల్లంలో నీళ్లు నిలిచాయి. ముందు లారీ దాటిపోయింది కదా అని మన డ్రైవర్ కూడా దిగాడు. సగం దూరంలో ఇంజన్ ఆగిపోయింది. రోడ్డు వాలుగా ఉండటంతో కారు ముందు భాగం లోతులో ఉంది, వెనక భాగం కాస్త ఎత్తులో ఉంది. నీళ్లు పెరుగుతున్నాయి.

ముగ్గురూ బతికి బయటపడ్డారు. డ్రైవర్ అరచేతికి మాత్రం కుట్లు పడ్డాయి. ఆ కారులో అప్పటికే ఒక సుత్తి ఉంది, డ్రైవర్ సొంతంగా కొనుక్కున్నది. దాంతో అద్దం పగల్లేదు. కాబట్టి సుత్తి నాసిరకం అని కంపెనీ తేల్చేసింది, ఇంకా బరువైనవి తెప్పించింది. చూడ్డానికి న్యాయంగానే ఉంది ఈ లెక్క.

డ్రైవర్‌తో విడిగా కూర్చున్నాను. ఇరవై ఏళ్లుగా స్టీరింగ్ పట్టిన మనిషి. తప్పంతా తన మీదకు వస్తుందేమోనని మొదట ముభావంగా ఉన్నాడు. తప్పెవరిదో తేల్చడానికి రాలేదని, వరసగా ఏం జరిగిందో చెబితే చాలని అన్నాను. అప్పుడు ఒక్కొక్కటీ బయటికొచ్చింది.

"ఇంజన్ ఆగగానే కంట్రోల్ రూమ్‌కి ఫోన్ చేశాను సార్. కార్డు మీద అదే ఉంది కదా."

నిజమే. ప్రతి కారులో సన్ వైజర్‌కి కంపెనీ అంటించిన కార్డు ఉంది. అందులో మొదటి లైను: ఏ సమస్య వచ్చినా ముందు కంట్రోల్ రూమ్‌కి తెలపండి. ఫోన్ కలవడానికి కొంత, ఎక్కడున్నాడో చెప్పడానికి కొంత సమయం పోయింది. ఈ లోపు నీళ్లు తలుపు హ్యాండిల్ దాకా వచ్చాయి. తలుపు తోస్తే కదల్లేదు. అప్పుడు సుత్తి గుర్తొచ్చింది. అది గ్లోవ్ బాక్స్‌లో, అంటే అవతలి సీటు ముందు ఉంది. కంగారుగా వంగాడు. సీట్ బెల్ట్ టక్కున బిగుసుకుని వెనక్కి లాగింది. జోరుగా లాగితే బెల్ట్ లాక్ అవుతుంది, దాని పనే అది. బెల్ట్ విప్పి, గ్లోవ్ బాక్స్ తెరిచి, కాగితాల కింద సుత్తి వెతికి, తన పక్క అద్దం మీద కొట్టడం మొదలుపెట్టాడు.

"ఎనిమిది దెబ్బలు వేశాను సార్. సాలెగూడులా బీటలొచ్చాయి గానీ అద్దం ఊడలేదు. చేత్తో తోస్తే చెయ్యి తెగింది."

మరి ఎలా బయటపడ్డారని అడిగాను. వెనక కూర్చున్న అమ్మాయికి కారులో వికారం వస్తుందట. అందుకని అద్దాన్ని నాలుగు వేళ్ల మేర దించి కూర్చుంది. నీళ్లు పెరుగుతుంటే ఊరికే స్విచ్ నొక్కింది. అద్దం దిగింది! ముగ్గురూ అందులోంచే బయటకు పాకి, రిటైనింగ్ వాల్ ఎక్కారు.

"నువ్వెందుకు స్విచ్ నొక్కలేదు అన్నా?"

"ఇంజన్ ఆగింది కదా సార్, కరెంటు ఉండదనుకున్నా."

నన్ను అన్నిటికన్నా ఎక్కువ ఆలోచింపజేసింది ఈ మాటే. ఇంజన్ ఆగినా ఇగ్నిషన్ ఆన్‌లో ఉంటే బ్యాటరీ కరెంటు ఉంటుంది. నీళ్లలో పడ్డ కారులో కూడా పవర్ విండోలు చాలాసార్లు కాసేపు పనిచేస్తాయి. అసలు అడ్డంకి కరెంటు కాదు, నీటి ఒత్తిడి. నీళ్లు అద్దం మీదికి వచ్చాక అవి అద్దాన్ని గాడికేసి అదిమేస్తాయి, మోటారు లాగలేదు. వెనక భాగం ఎత్తులో ఉంది కాబట్టి ఆ అద్దం మీదికి నీళ్లు ఇంకా రాలేదు, అందుకే దిగింది. ముందు తలుపు అద్దమైనా ఫోన్ చేసే బదులు స్విచ్ నొక్కి ఉంటే దిగేదనే నా నమ్మకం.

ఇక సుత్తి సంగతి. నాసిరకమా కాదా తేల్చడానికి ముందు నేను కారు దగ్గరికెళ్లి పగిలిన అద్దం కింద మూల చూశాను. ప్రతి కారు అద్దానికీ అక్కడ చిన్న అక్షరాలతో ముద్ర ఉంటుంది. దుమ్ము తుడిచి ఫోన్ లైట్ వేసి చూస్తే ల్యామినేటెడ్ అని ఉంది. వెనక తలుపు అద్దం మీద టెంపర్డ్ అని ఉంది. ఒకే కారు, రెండు రకాల అద్దాలు!

సిగ్గుగా ఉన్నా ఒప్పుకోవాలి. అంతవరకూ నేను నా క్లాసుల్లో "ముందు అద్దం తప్ప పక్క అద్దాలన్నీ సుత్తితో పగులుతాయి" అనే చెప్పేవాణ్ణి. నేను రెస్క్యూ పనిలో ఉన్న రోజుల్లో మాకు ఎదురైన కార్లలో ఆ మాట దాదాపు నిజమే. కార్లు మారాయి, నా పాఠం మారలేదు.

తేడా ఏమిటో చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. టెంపర్డ్ అద్దాన్ని, మెకానిక్కులు టఫెన్డ్ అంటారు, ఆరు వందల డిగ్రీలు దాటేలా కాల్చి, గాలి కొట్టి ఉన్నట్టుండి చల్లారుస్తారు. పై పొర ముందు గట్టిపడుతుంది, లోపలిది తర్వాత చల్లారుతూ కుంచించుకుపోతుంది. దాంతో పై పొర ఎప్పుడూ నొక్కుడులో, లోపలి పొర ఎప్పుడూ లాగుడులో ఉంటాయి. మోచేత్తో, చెప్పుతో, ఫోన్‌తో ఎంత బాదినా ఆ నొక్కుడు పొర తట్టుకుంటుంది. కానీ ఒక సూది మొనంత చోట ఆ పొరను చీల్చామా, లోపల దాగిన బిగువంతా ఒక్కసారి విడిపోయి అద్దం మొత్తం పటికబెల్లం పలుకుల్లా రాలిపోతుంది. కాబట్టి టూల్‌కి కావలసింది బరువు కాదు, మొన. గాజుకన్నా గట్టిదై ఉండాలి: టంగ్‌స్టన్ కార్బైడ్ గానీ సిరామిక్ గానీ. కంపెనీ బరువైన సుత్తులు తెప్పించడంలో పొరపాటు అక్కడే ఉంది. మెత్తటి ఇనుప మొనతో బరువు ఎంత పెంచినా మొన మొద్దుబారుతుంది, అంతే.

ల్యామినేటెడ్ అద్దం కథ వేరు. రెండు గాజు పలకల మధ్య పారదర్శకమైన ప్లాస్టిక్ పొర ఉంటుంది. గాజు పగిలినా ముక్కలు ఆ పొరకే అంటుకుని ఉంటాయి. ఇప్పటి కార్ల ముందు అద్దం ఇదే. దాన్ని తీయాలంటే రెస్క్యూ వాళ్లు రంపంతో కోస్తారు. ఆ పని చెయ్యడం తెలిసినవాళ్లకు కూడా చెమటలు పడతాయి, లోపల కూర్చున్న మనిషి చిన్న టూల్‌తో చేసేది కాదు. ఇప్పుడు ఇదే అద్దం పక్క తలుపులకూ వస్తోంది. చప్పుడు లోపలికి రాదన్నది ఒక కారణం. కారు పల్టీ కొట్టినప్పుడు మనిషి కిటికీలోంచి బయటకు విసిరేయబడకుండా ఆపుతుందన్నది అంతకన్నా పెద్ద కారణం. అమెరికాలో ఇందుకోసం 2011లో ఒక నిబంధన తెచ్చారు. కనుక ల్యామినేటెడ్ అద్దం చెడ్డదని నేననను. చాలా ప్రమాదాల్లో అది ప్రాణం కాపాడుతుంది. బయటపడే దారి మాత్రం మారుస్తుంది.

అమెరికా వాహనదారుల సంఘం ఏఏఏ 2019లో ఆరు టూల్స్‌ని పరీక్షించింది. టెంపర్డ్ అద్దాన్ని నాలుగు పగలగొట్టాయి. ల్యామినేటెడ్ అద్దాన్ని ఒక్కటీ దాటలేదు. 2018 మోడళ్లలో మూడింట ఒక దానికి పక్క అద్దాలు ల్యామినేటెడ్‌వి ఉన్నాయని కూడా అప్పుడే చెప్పింది. ఇది చదివాక కూడా నేను నా పాఠం మార్చుకోకపోవడానికి కారణం బద్ధకం తప్ప మరొకటి కాదు.

పదకొండు కార్లనూ వరసగా నిలబెట్టి ప్రతి అద్దం మూలా చూశాం. ఈ కారు మోడల్‌వే మరో రెండింటికి ముందు తలుపులు ల్యామినేటెడ్. అదే మోడల్ తక్కువ వేరియంట్‌లో మాత్రం నాలుగూ టెంపర్డే. ఒక కారుకు ఎప్పుడో అద్దం మార్పించారు, దాని మీద ముద్ర మిగతా మూడింటితో కలవలేదు. మోడల్ పేరు చెప్పి షాపులో సలహా అడగడం ఎందుకు పనికిరాదో ఆ రోజు అందరికీ తెలిసింది. మీ కారు అద్దం మూల మీరే చూసుకోవాలి, నాలుగు తలుపులూ విడివిడిగా, వెనక అద్దం కూడా. ముద్ర అర్థం కాకపోతే కాస్త దించి పై అంచు చూడండి. ల్యామినేటెడ్ అయితే రెండు పలకల మధ్య సన్నటి గీత కనిపిస్తుంది.

తర్వాత స్క్రాప్ యార్డుకు వెళ్లాం. అద్దాలున్న పాత తలుపులు కొన్ని, సీటు ఉన్న కారు బాడీ ఒకటి దొరికాయి. కళ్లద్దాలు, మందపాటి చేతి తొడుగులు వేసుకుని ఇద్దరు డ్రైవర్లు, నేను. ఇంట్లో ఎవరూ ఈ ప్రయోగం చెయ్యకండి, గాజు పలుకులు ఎంత దూరం ఎగురుతాయో చూస్తే గానీ తెలియదు.

బయట నిలబడి కొడితే సుత్తి చక్కగా పనిచేసింది. సీట్లో కూర్చుని, బెల్ట్ పెట్టుకుని, పక్కనున్న అద్దాన్ని కొట్టమన్నప్పుడు కథ మారింది. చెయ్యి వెనక్కి తీయడానికి చోటు లేదు, మోచెయ్యి సీటుకు తగులుతుంది. దెబ్బ వాలుగా పడి మొన జారుతుంది. మధ్యలో కొడితే అద్దం కాస్త వంగి దెబ్బను మింగేస్తుంది. కింది మూల దగ్గర కొడితేనే ఫలితం. ఒక తలుపును నీళ్ల తొట్టిలో నిలబెట్టి కూడా చూశాం. నీళ్లలో సుత్తి ఊపడం కలలో పరుగెత్తినట్టుంటుంది.

స్ప్రింగ్ పంచ్ అనే ఇంకో రకం టూల్‌కి ఊపు అక్కర్లేదు. లేత్ షాపుల్లో వాడే ఆటోమేటిక్ సెంటర్ పంచ్ లాంటిదే. అద్దానికి ఆనించి నొక్కితే లోపల స్ప్రింగ్ వదులుకుని మొన టక్కున తన్నుతుంది. నీళ్లలోనూ అంతే. మొదటి సారికే అద్దం రాలింది. డ్రైవర్లిద్దరూ ఒకేసారి "అబ్బో!" అన్నారు. నేనూ ఇక ఇదే కొనిపిద్దామని నిర్ణయించేసుకున్నాను. వారం తర్వాత అది కూడా పూర్తిగా సరైన నిర్ణయం కాదని తేలింది, అది కింద చెబుతాను.

హెడ్‌రెస్ట్ కడ్డీతో పగలగొట్టొచ్చని ఫోన్లలో తిరిగే సలహాని కూడా పరీక్షించాం. హెడ్‌రెస్ట్ ఊడదీయడానికే రెండు చేతులు, వెనక్కి తిరిగే చోటు కావాలి. పట్టపగలు, తాపీగా, అది కూడా సీటు బెల్ట్ విప్పాక. దాన్ని నమ్ముకోవద్దు.

మాకు అనుకోకుండా తెలిసిన విషయం సన్ ఫిల్మ్. ఫిల్మ్ అంటించిన టెంపర్డ్ అద్దం పంచ్‌తో పగిలింది గానీ రాలలేదు, ఫిల్మ్ పట్టుకుని తెరలా నిలబడింది. అయితే ల్యామినేటెడ్ అంత మొండిది కాదు. సీట్లో వెనక్కి వాలి రెండు కాళ్లతో తన్నితే మొత్తం ఒక చాపలా బయటకు పడింది. కాళ్లతోనే తన్నాలి, అరచేతితో తోస్తే మన డ్రైవర్‌కి పడినట్టే కుట్లు పడతాయి.

టూల్‌లోనే ఉండే బెల్ట్ కట్టర్, అంటే సీట్ బెల్ట్ కోసే బ్లేడు, గురించి తక్కువ చెబుతాను, చెప్పాల్సింది తక్కువే. బకిల్ ఎక్కువసార్లు మామూలుగానే ఊడుతుంది, ముందు అదే నొక్కాలి. ఊడనప్పుడు కట్టర్. బ్లేడు బయటకు కనిపించకుండా గాడిలో దాగి ఉండాలి, లేకపోతే వెతుక్కునేటప్పుడు వేలు తెగుతుంది. బెల్ట్‌ని అడ్డంగా కాకుండా ఏటవాలుగా, బిగువుగా పట్టుకుని లాగితే ఒక్క గుంజుకు తెగుతుంది. భుజం మీద కోసినా నడుం దగ్గర పట్టుకుని ఉండొచ్చు, అక్కడ మరోసారి కొయ్యాలి. కారు తలకిందులైతే మాత్రం ముందు ఒక చెయ్యి పైకప్పుకు ఆనించుకున్నాకే కొయ్యాలి. బెల్ట్ తెగిన మరుక్షణం మన బరువంతా మెడ మీద పడుతుంది.

టూల్ కన్నా దాన్ని ఎక్కడ పెట్టాలన్నదే ఎక్కువ రోజులు తీసుకుంది. గ్లోవ్ బాక్స్ ఎందుకు కాదో ఇప్పటికే చూశాం. డోర్ పాకెట్‌లో పెడితే తలుపు నలిగినా కారు పల్టీ కొట్టినా ఎక్కడ పడుతుందో తెలియదు. డాష్‌బోర్డ్ మీద వదిలేస్తే గట్టి బ్రేక్‌కి అదే మన మీదికి ఎగిరొస్తుంది. ముందు అద్దం పక్కనుండే స్తంభం మీద బిగిద్దామని ఒకరన్నారు. చాలా కార్లలో కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ ఆ స్తంభం మీదుగా, పైకప్పు అంచు వెంట విచ్చుకుంటుంది. దాని దారిలో ఇనుప ముక్క బిగించడం కన్నా ఏమీ పెట్టకపోవడం మేలు. తాళంచెవి రింగుకి తగిలించేవి కూడా చూశాం. తాళం పెట్టి తిప్పే కార్లలో అది స్టీరింగ్ పక్కనే వేలాడుతుంది, కొంత నయం. బటన్ నొక్కి స్టార్ట్ చేసే కార్లలో తాళం ప్యాంటు జేబులో, దాని మీద బిగుసుకున్న బెల్ట్. నాకది నచ్చలేదు.

చివరికి డ్రైవర్ సీటుకూ మధ్య కన్సోల్‌కూ దగ్గర, కన్సోల్ పక్క భాగానికి గట్టి క్లిప్ బిగించాం. బెల్ట్ పెట్టుకుని, కళ్లు మూసుకుని, కుడి చేత్తో ఒకసారి, ఎడమ చేత్తో ఒకసారి అందుకోవాలి. పక్క సీటు వాళ్లకూ అందాలి. అందకపోతే క్లిప్ జరిపాం. వెనక సీటు వాళ్లకు రెండో టూల్. నిజానికి ఆ మూడు కార్లలో పగిలే అద్దాలున్నది వెనక తలుపులకే, కాబట్టి అసలు టూల్ అక్కడిదే. వెనక తలుపులకు చైల్డ్ లాక్ వేసి ఉందా, వెనక అద్దం పూర్తిగా దిగుతుందా లేక సగంలో ఆగుతుందా అని కూడా ప్రతి కారుకూ చూసి రాసుకున్నాం.

వారం తర్వాత అన్నానే, ఆ సంగతి ఇది. డ్రిల్‌లో ఉద్యోగుల్ని కూడా కూర్చోబెట్టాం. సన్నటి చేతులున్న ఒకావిడ స్ప్రింగ్ పంచ్‌ని ఎంత నొక్కినా స్ప్రింగ్ వదల్లేదు. కీళ్ల నొప్పులున్న పెద్ద వయసు డ్రైవర్‌కీ అదే ఇబ్బంది. రెండు చేతులు కలిపి, అరచేయి మడమతో నొక్కడం నేర్పితే ఆవిడకు వచ్చింది. ఆయనకు అప్పటికీ రాలేదు. ఆయన కారు వరకు కార్బైడ్ మొన ఉన్న సుత్తినే ఉంచాం, కింది మూల దగ్గర కొట్టడం నాలుగుసార్లు చేయించాం. ఎవరి చేతికి ఏది పనిచేస్తే అదే వాళ్ల టూల్. కొనే ముందు స్క్రాప్ అద్దం మీద నొక్కి చూసే వీలు అందరికీ ఉండదు గానీ, పాత చెక్క మీద నొక్కి చూడ్డానికేం కష్టం? చాలా పంచ్‌లు మళ్లీ మళ్లీ వాడుకునేవే.

ఆఖరున సన్ వైజర్ కార్డు. దాన్ని మార్చడానికే మేనేజర్ ఎక్కువ వాదించారు. "సమాచారం ఇవ్వొద్దంటే ఎలా సార్?" అన్నారు. కాగితం మీద లెక్క వేసి చూపించాను. మీటరు వెడల్పు తలుపుకు బయట 60 సెంటీమీటర్ల నీళ్లుండి లోపల లేకపోతే దాదాపు 180 కిలోల బలం తలుపును మూసి పట్టుకుంటుంది. మీటరు ఎత్తు నీళ్లైతే 500 కిలోలు. నీళ్ల ఎత్తు రెట్టింపైతే బలం నాలుగింతలవుతుంది. కెనడాలో మానిటోబా విశ్వవిద్యాలయానికి చెందిన గోర్డన్ గీస్‌బ్రెక్ట్ నిజం కార్లను, వాటిలో మనుషుల్ని నీళ్లలో దించి పరీక్షలు చేశారు. కారు నీళ్లలో పడ్డాక తేలి ఉండేది అర నిమిషం నుంచి రెండు నిమిషాలు. బయటపడటానికి మంచి సమయం మొదటి నిమిషమే. ఆయన చెప్పే వరస: బెల్టులు విప్పు, అద్దాలు దించు, పిల్లల్ని ముందు బయటకు పంపు, నువ్వు వెళ్లు. ఫోన్ ఆ వరసలో లేదు. తలుపు కూడా లేదు, ఎందుకంటే తేలుతున్న కారు తలుపు తెరిస్తే నీళ్లు ఒక్కసారిగా చొరబడి కారు ఇంకా త్వరగా మునుగుతుంది.

మేనేజర్ ఆ కాగితం కాసేపు చూసి, కార్డు తిరగరాయమన్నారు. ఇప్పుడు మొదటి లైను: నీళ్లలో ఇంజన్ ఆగితే అద్దం దించండి. రెండోది: దిగకపోతే పగిలే అద్దం ఇది, అని ఆ కారు బొమ్మ మీద ఆ అద్దానికి ఎర్ర రంగు. కంట్రోల్ రూమ్ నంబర్ అట్టడుగున, బయటపడ్డాక అని రాసి.

బల్ల కింది అట్టపెట్టె సుత్తుల్లో నాలుగింటికి మొన కార్బైడ్‌ది కాదు, వాపసు పంపించాం. మిగతావి విడిగా ఉంచారు.

ఆరు నెలల తర్వాత తనిఖీకి వెళ్లాను. పదకొండు కార్లలో తొమ్మిదింటిలో టూల్ క్లిప్‌లోనే, చెక్కుచెదరకుండా ఉంది. ఒకటి గ్లోవ్ బాక్స్‌లోకి చేరింది, కన్సోల్ తుడిచేటప్పుడు అడ్డం వస్తోందట. పదకొండోది ఆ రాత్రి నీళ్లలో చిక్కుకున్న డ్రైవర్ కారులోది. క్లిప్‌లోనే ఉంది గానీ కట్టర్ బ్లేడు మొద్దుబారింది. పార్సిళ్ల తాళ్లు కోస్తున్నాడు దాంతో. "పదునుగా ఉంది కదా అని సార్" అని నవ్వాడు. కొత్తది ఇచ్చి, పక్కనే కన్సోల్‌లో పార్సిళ్ల కోసం ఒక మామూలు కత్తెర పడేసి వచ్చాను.